ఆరోగ్య ప్రశ్నోత్తరాలు: వెన్నుపాము దెబ్బతిన్నాక

ప్ర: మా ఆయన గీత కార్మికుడు. నాలుగు నెలల కింద తాటిచెట్టు మీంచి పడ్డాడు. వెన్నుకు ఆపరేషన్ చేసి రాడ్లు వేసి ఇంటికి పంపారు. నడుము కింద స్పర్శ లేదు. ముడ్డిపూస దగ్గర పుండు పడింది, వేలు పట్టేంత లోతుంది. నేనే సరిగ్గా చూసుకోలేదేమో. ఏ ఆయింట్‌మెంట్ రాయాలి?
- ఒక సోదరి, నల్లగొండ జిల్లా

జ: అమ్మా, ఇది ఆయింట్‌మెంట్‌తో మానే పుండు కాదు. చీము ఎముకదాకా పోయి ఉండొచ్చు. ప్లాస్టిక్ సర్జరీ విభాగమున్న పెద్దాసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి. జ్వరముంటే ఈ పూటే వెళ్లండి. అప్పటిదాకా వెల్లకిలా పడుకోబెట్టొద్దు, కూర్చోబెట్టొద్దు. రెండు గంటలకోసారి, రాత్రిపూట కూడా, పక్క మార్చండి.

తప్పు మీది కాదు. స్పర్శ లేని ఒంటికి ఒత్తిడి తెలియదు, ఒత్తిగిలాలని అనిపించదు. ఆ మాట మీకు చెప్పి, పక్క మార్చడం మీ చేత చేయించి చూశాకే ఆయన్ని ఇంటికి పంపాల్సింది. రాడ్లు ఎముకను నిలబెడతాయి, అంతే. మిగతాదంతా పునరావాస వార్డులో జరగాల్సిన వైద్యం. పుండు మానాక ఆయన్ని అక్కడ చేర్చండి, మీరూ వెంట ఉండండి.

ప్ర: కాళ్లు చల్లబడుతున్నాయి. వేడినీళ్ల సంచి పెట్టుకోవచ్చా?

జ: వద్దు. కాలినా మీకు తెలియదు. మేజోళ్లు వేసుకోండి.

ప్ర: తమ్ముడికి బైకు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతింది. చేతులు బాగానే ఉన్నాయి. యూట్యూబ్‌లో ఒక సెంటర్ చూశాం. రోబో యంత్రంతో నడిపిస్తున్నారు, స్టెమ్‌సెల్ ఇంజెక్షన్లూ ఇస్తారట. నాన్న ఎకరం అమ్ముతానంటున్నారు. చేర్చమంటారా?

జ: పొలం అమ్మకండి. వెన్నుపాము గాయానికి స్టెమ్‌సెల్స్‌ను చికిత్సగా ఇవ్వడానికి మన దేశంలో ఆమోదం లేదు. అనుమతి పొందిన ప్రయోగాల్లో తప్ప వాడకూడదని 2017 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. లక్షలు కట్టమన్నారంటే అది వ్యాపారమే. ఇంత చదువుకున్న ఇళ్లలో కూడా నిమిషం వీడియో చూసి ఆస్తులు తెగనమ్ముకుంటున్నారు. నాకు కోపం, బాధ రెండూ వస్తున్నాయి.

ఏ సెంటరైనా వెళ్లి వార్డులో నిలబడి చూడండి. ఇక్కడ చేరాక ఎంతమందికి పుండ్లు పడ్డాయని నర్సును అడగండి. ఆ లెక్కే లేదంటే వెనక్కి వచ్చేయండి. చేతులు బాగున్నవాళ్లందరికీ మూత్రం సంచులు వేలాడుతుంటే అనుమానించండి. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి శుభ్రమైన గొట్టంతో తమంతట తామే మూత్రం తీసుకోవడం వాళ్లలో చాలామందికి నేర్పవచ్చు. కిడ్నీలు దక్కేది దానివల్లే. రోజూ ఒకే వేళకు విరేచనం అయ్యేలా అలవాటు చేస్తున్నారా? మంచం మీంచి వీల్‌చైర్‌లోకి, అందులోంచి బాత్‌రూములోకి ఎవరి సాయమూ లేకుండా మారడం నేర్పుతున్నారా? డాక్టరు, నర్సు, థెరపిస్టులు, సోషల్ వర్కరు ఒకచోట కూర్చుని ఒక్కో రోగి గురించి మాట్లాడుకుంటారా? మీ ఇంటి బాత్‌రూము తలుపు వెడల్పెంతో డిశ్చార్జికి ముందే అడిగే వార్డు దొరికితే కళ్లు మూసుకుని చేర్చండి. యంత్రం ఉంటే మంచిదే, ఇవన్నీ ఉన్నాక.

వేలూరు సీఎంసీలో ఇలాంటి పునరావాస కేంద్రాన్ని 1966లో మొదలుపెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్‌కు, 1954లో రోడ్డు ప్రమాదంలో కాళ్లు చచ్చుబడ్డాయి. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేశారు.

మరో మాట. ఇంత ఉత్తరంలో తమ్ముడికి ఏం కావాలో ఒక్క ముక్క లేదు. ముందు అతన్ని అడగండి.

ప్ర: మా అబ్బాయికి మెడ దగ్గర దెబ్బ. అప్పుడప్పుడు తల పగిలిపోయేలా నొప్పి, ముఖమంతా చెమటలు. మందుల షాపులో అడిగి పారాసిటమాల్ వేస్తున్నాం.

జ: అది మామూలు తలనొప్పి కాదు. బీపీ ప్రాణం తీసేంత పెరుగుతోంది. నొప్పి రాగానే లేపి కూర్చోబెట్టండి, బిగుతు బట్టలు వదులు చేయండి, మూత్రం పైపు మెలిక పడిందేమో, మూసుకుపోయిందేమో చూడండి. మలం గట్టిపడి ఇరుక్కున్నా ఇలా వస్తుంది. నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. దీని పేరు ‘ఆటోనామిక్ డిస్‌రెఫ్లెక్సియా’. ఆ పేరు కాగితం మీద రాసి అతని జేబులో పెట్టండి, ఏ డాక్టరుకైనా చూపించొచ్చు. మెడ దగ్గర దెబ్బ తగిలినవారి ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఇది తెలిసి తీరాలి.

ప్ర: నా వయసు 26. గాయమై ఎనిమిది నెలలు. పూర్తి గాయమన్నారు. నడుస్తావని అందరూ అంటున్నారు. మా ఆవిడే ఎత్తి కూర్చోబెడుతుంది. నేను నడుస్తానా డాక్టరు గారూ?

జ: బాబూ, నిజం అడిగావు కాబట్టి నిజమే చెబుతాను. పూర్తి గాయమై ఎనిమిది నెలలు దాటాక కాళ్లలో మళ్లీ నడిచేంత బలం రావడం చాలా అరుదు. ఇది విని ఏడుపొస్తే ఏడువు, మందలించను. రోజుల తరబడి నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా ఇంట్లో చెప్పి వెంటనే మానసిక వైద్యుణ్ని కలువు.

ఉద్యోగం, సంసారం, పిల్లలు, ఇవేవీ కాళ్లతోపాటు పోలేదు. పిల్లల విషయంలో వైద్య సాయం అవసరం కావచ్చు, సిగ్గుపడకుండా అడుగు. మీ ఆవిడ నిన్ను ఎత్తుతోందన్నావు, ఆమె నడుము ఎన్నాళ్లు ఓరుస్తుంది? ఎత్తకుండా నిన్ను మార్చే పద్ధతులున్నాయి. చేతుల్లో బలముంటే నీకు నువ్వే మారొచ్చు. పునరావాస వార్డులో చేరడానికి ఎనిమిది నెలలు ఆలస్యమేమీ కాదు. ఇద్దరూ కలిసి వెళ్లి చేరండి.