హైజియా

మన పాఠశాలలలో "హైజీను" చదువుచున్నాము గాని, ఆ పేరు ఒక గ్రీకు దేవతదని యెఱిఁగినవారు కొందఱే. వైద్యదేవుఁడగు అస్క్లీపియునికి హైజియా, పానాకియా యను కూఁతులు గలరని గ్రీకు పురాణము. పానాకియా వచ్చిన రోగమును మాన్పును. హైజియా రోగమును రానీయదు. ఈమె గిన్నెతో పామునకుఁ ద్రావనిచ్చును. మన స్త్రీలు పుట్టలోఁ బాలుపోయుట జ్ఞప్తికి రాకమానదు. పాము చుట్టిన యా గిన్నె నేఁడు పలుదేశముల మందులయంగళ్ల గుర్తు.

మదనపల్లె చెంత 1915లో వెలసిన క్షయచికిత్సాలయమునకు ఆరోగ్యవరమని పేరు. అదియు హైజియా యిచ్చు వరమే. స్ట్రెప్టోమైసిను 1943లోఁ గాని కనుఁగొనఁబడలేదు. అంతవఱకు అచ్చట రోగులకు విశ్రాంతి, స్వచ్ఛవాయువు, పుష్టికరాహారమే ముఖ్యాధారము. నేఁడు పానాకియాయు వచ్చినది. అయినను పుంగనూరు బస్సులోనో కుప్పము రైలులోనో క్షయరోగి నోటికి గుడ్డ యడ్డము పెట్టక దగ్గినచో, ప్రక్కవాఁడు ఆమె మందును ఆఱుమాసములు మ్రింగవలసి రావచ్చును.