పొలమునుండి పోవునది, పొలమునకు తిరిగి రావలసినది

చిత్తూరు, తిరుపతి జిల్లాల రైతులు మెట్టపొలములలో వేరుసెనగను, బావులక్రిందను చెరువులక్రిందను చెరకును, వరిని విశేషముగా పండించుచున్నారు. పంట అమ్మగా వచ్చిన సొమ్మునకు లెక్క వ్రాయని రైతు లేడు. కాని ఆ పంటతో భూసార మెంత వెడలిపోయినది, అందెంత తిరిగివచ్చినది యను లెక్క వ్రాయువారు అరుదు. ఈ లెక్క తప్పినచో ఎర్రనేలలు కొలది యేండ్లలోనే నిస్సారములగును.

పైరు దేహము రెండు చోట్లనుండి వచ్చిన ద్రవ్యములచే నేర్పడుచున్నది. ఎండిన మొక్కలో నూటికి తొంబదిపాళ్లకు పైగా గాలినుండియు నీటినుండియు వచ్చినదే. ఆకు సూర్యుని వెలుతురును గ్రహించి, ఆ శక్తిచే గాలిలోని బొగ్గుపులుసు వాయువును నీటితో గూర్చి చక్కెరగా మార్చును. మిగిలిన కొద్దిపాళ్లును నత్రజని, భాస్వరము, పొటాషు, సున్నము మొదలగునవి. వీనిని వేళ్లు మంటినుండి తీసికొనును.

శక్తి యొకసారి వచ్చి వెడలిపోవునదే. ఎద్దు మేసిన మేతలోని శక్తి కొంత దుక్కిలోను, ఎక్కువభాగము దేహపువేడిగాను ఖర్చగును. అది మరల చేతికి రాదు. సూర్యుడే ప్రతిదినమును క్రొత్తగా నొసగవలయును. భూసారద్రవ్యము లట్లు గావు. అవి నశింపవు, చోటు మాత్రము మారును. ఎద్దు మేసిన నత్రజనిలో చాలభాగము పేడలోను మూత్రములోను వెలికి వచ్చును. అందు రమారమి సగము మూత్రములోనే యుండును. వానపాములు, బూజులు, కంటికి కానరాని సూక్ష్మజీవులు ఆ పెంటను కుళ్లబెట్టి మరల పైరునకు ఆహారముగా జేయును. ఈ చక్రము తెగకుండ జూచుకొనుటయే సేద్యపు రహస్యము.

ఇక వేరుసెనగ సంగతి విచారింతము. నూనెలో నత్రజని లేదు. అది యంతయు గాలి, నీరు, ఎండల వలన గలిగినది. కావున నూనె నమ్మినచో భూమికి నష్టము లేదు. భూసారము పిండిలో నిలిచియుండును. వేరుసెనగపిండిలో నూటికి 7 పాళ్ల నత్రజనియు, కొంత భాస్వరమును, పొటాషును గలవు. 100 కిలోల పప్పును గానుగాడించి పిండిని పొరుగూరి కమ్మివేసిన రైతు రమారమి 4 కిలోల నత్రజనిని దానితో పంపివేయుచున్నాడు. వేరుసెనగ వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలినుండి నత్రజనిని సంపాదించి యీయగలవు. కాని భాస్వరమును, పొటాషును గాలి యీయజాలదు.

చెరకునకును నిదియే న్యాయము. బెల్లములో నత్యధికభాగము చక్కెరయే; అనగా గాలియు, నీరును, ఎండయు. పిప్పిలో దాగియున్న సూర్యశక్తియే పొయ్యిలో మంటయై రసమును కాచుచున్నది. అంతవరకు మేలే. కాని నరికిన తోటలో ఎండుటాకును తగులబెట్టుట నష్టకరము. అందలి నత్రజని పొగతో గాలిలో గలియును, బూడిదలో పొటాషు, భాస్వరము మొదలగునవి మాత్రము మిగులును, నేలకు గప్పుగా నుండి తేమను కాపాడవలసిన యాకు వ్యర్థమగును.

గట్లు లేని మెట్టలనుండి వానకు కొట్టుకొనిపోయిన మెత్తని మన్ను చెరువులో జేరును. పూడికమట్టి యన నిదియే. వేసవిలో దానిని పొలమునకు తోలుట పోయిన సొత్తును తిరిగి తెచ్చుకొనుటయే. అయితే చవుడుగల మట్టిని తోలరాదు.

కావున రైతులు ఈ క్రింది పనుల నాచరింపవలయును.

1. మంచి వేరుసెనగపిండిని పశువులకు బెట్టి, వాని పెంటను పొలమునకు జేర్చవలెను. బూజుపట్టిన పిండి పశువులకు విషము. దానిని ఎరువుగానే వాడవలెను.

2. కొట్టములో వేరుసెనగపొట్టును, చెత్తను పరచి మూత్రమును పీల్పింపవలెను. పెంటను గుంటలో నింపి పైన మన్ను గప్పవలెను.

3. వేరుసెనగకట్టెను మేతగా నుపయోగింపవలెను. వంటవాయువు వచ్చినందున పిడకల యవసరము తగ్గినది. ఆ పేడ యంతయు గుంటకే చేరవలెను.

4. కార్శితోటలో ఎండుటాకును సాళ్లమధ్య పరచి పేడనీరు చల్లవలెను. పొయ్యిబూడిదను పొలములో వెదజల్లవలెను. పెంటతో గలిపినచో నత్రజని యెగిరిపోవును.

5. వాలునకు అడ్డముగా దున్ని గట్లు వేయవలెను. గట్లపై కానుగ మొక్కలు పెంచి, వాని యాకును వరిమళ్లలో ద్రొక్కవలెను. వీలైనచోట జనుము, జీలుగ, వెంపలి విత్తి పూతకు రాగానే కలియదున్నవలెను.

అంగడిలో ఎరువు గొనుట తప్పుగాదు. ఇంట నున్న యెరువును పొగలోను, మురుగులోను బోగొట్టుకొని, అదే ద్రవ్యమును అప్పుచేసి కొనుటయే తప్పు. సూర్యుడిచ్చినది యమ్ముకొనవచ్చును, భూమి యిచ్చినది భూమికి చెల్లింపవలయును. అట్లు చెల్లించు రైతుపొలము అతని కుమారునికిని పండును.