తిరుగుదారిని తలచి మూట కట్టుడు

మే నెల వచ్చి మిషిగన్ సరస్సులపై మంచు కరగి, సాయంకాలపు వెలుగు రాత్రి తొమ్మిది గంటల దాకా నిలుచు దినములలో, నోవై, కాంటన్, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్ ప్రాంతములందు క్రొత్తగా కాపురము పెట్టిన మన తెలుగు యువకులకు కెనడా మీదికి చేపలవేటకు పోవలెనను కోరిక కలుగుచుండును. నలుగురు స్నేహితులు కలిసి, ఉత్తర ఒంటారియోలో ఏ సరస్సు ఒడ్డుననో పొయ్యి, పాత్రలు గల కుటీరమొకటి అయిదు దినములకు అద్దెకు తీసికొని, తల్లి పంపిన ఆవకాయ మొదలుకొని బయలుదేరు నిమిషమున ఇల్లాలు తెచ్చి చేతిలో పెట్టిన కరివేపాకు వరకు సమస్తమును ఐసుపెట్టెలలో కుక్కి, ఎక్కడ ఏది అడుగుదురో, ఏది తీసికొందురో ఎరుగక బయలుదేరుదురు. నేను చేసిన పొరపాట్లనే వీరు వరుస తప్పక చేయుచుండుట ఏటేట చూచుచున్నాను. చెప్పబోయిన నా మాటను కూరలో కరివేపాకువలె తీసి ప్రక్కన పెట్టుదురు. కావుననే వ్రాయుచున్నాను.

సులభమైన సంగతులు ముందు ముగించెదను. హెచ్-1బి వీసాపై ఉన్న భారతీయులు కెనడా సందర్శక వీసాను ముందుగానే పొందవలెను. గ్రీన్‌కార్డు గలవారికి ఆ వీసా అక్కరలేదు గాని పాస్‌పోర్టు, కార్డు రెండును చేతనుండవలెను. పాస్‌పోర్టులోని అమెరికా వీసా గడువు తీరినవారు తమ న్యాయవాదిని సంప్రదింపక సరిహద్దు దాటరాదు. దారి విషయమై చెప్పవలసినదే లేదు: డెట్రాయిట్ నుండి ఐ-75 రహదారిని పట్టుకొని ఉత్తరముగా సుమారు 350 మైళ్ళు పోయినచో అది సూ సెయింట్ మేరీ పట్టణమున తానే ముగియును. అచ్చట నదికి ఈవల అమెరికా సూ, ఆవల కెనడా సూ. నడుమ 1962లో తెరచిన వంతెన.

ఆ దారిలో మ్యాకినా జలసంధిపై అయిదు మైళ్ళ పొడవున సాగు మహాసేతువు ఎదురగును. అది 1957 నవంబరులో తెరవబడినది. మా కృష్ణపై ప్రకాశం బ్యారేజి ప్రారంభమైనదియు అదే సంవత్సరము డిసెంబరులో. ఒకటి రెండు సరస్సుల నడుమ గాలికి ఊగుచు నిలిచినది, మరియొకటి డెల్టా పొలములకు నీరు మళ్ళించుచు నిలిచినది; రెంటికిని పోలిక లేదు. అయినను ఆ వంతెన ఎక్కునపుడెల్ల నా మనస్సు మంగళగిరినుండి బెజవాడకు సైకిలుపై పోయిన ఉదయములకు మరలును. సీతానగరము రేవున మెట్లపై కూర్చుండి, వెదురుకఱ్ఱకు కట్టిన గాలమును నీటిలో విడిచి, ఎర కదలునా అని గంటలకొలది చూచు ముసలివారు కనుల ముందు నిలుతురు. వారి చేతిసంచిలో కట్టుకొని వచ్చిన పెరుగన్నము, ఒక పచ్చిమిరపకాయ, చిటికెడు ఉప్పు ఉండెడివి. వారి వేటకు సరిహద్దు లేదు, ప్రశ్న లేదు, అనుమతిపత్రము లేదు. ఇచ్చట ఉన్నవి. కావున ఆ సంచి కట్టినట్లు ఇచ్చట మూట కట్టరాదు.

అనుమతిపత్రమును బయలుదేరుటకు ముందే ఇంటినుండి కొనుడు. ఒంటారియోలో రెండు విధములైన పత్రములు కలవు: ఎక్కువ చేపలను అనుమతించునది ఒకటి, కొద్దిపాటి చేపలను అనుమతించు చౌకది మరియొకటి. చాలా మండలములలో వాలై చేపలు మొదటి దానికి నాలుగు, రెండవదానికి రెండు మాత్రమే. ఋతువు ఎప్పుడు తెరచునో, ఏ పొడవు చేపను విడిచిపెట్టవలెనో ఆ మండలపు నియమావళిలో చదువుకొనుడు. ఎర సంగతి మాత్రము నొక్కి చెప్పవలసియున్నది. బ్రదికియున్న చిన్నచేపలనుగాని, జలగలనుగాని, రొయ్యను పోలిన క్రేఫిష్‌నుగాని ఎరకొఱకు ఒంటారియోలోనికి కొనిపోవుట నేరము. వానపాములు కొనిపోవచ్చును గాని మట్టిలో ఉంచి కాదు, కృత్రిమమైన పొట్టులో ఉంచి. ఇంత శ్రమ యేల? ఆవలి ఒడ్డున ఎర దుకాణములు కొల్లలు. అక్కడనే కొని, రశీదును జేబులో భద్రపరచుకొనుడు, అడిగినచో చూపవలసియుండును. ఇంటి వెనుక పాదులో త్రవ్విన వానపాములను మట్టితో సహా డబ్బాలో పోసికొని వచ్చు ఘనులను చూచినాను. మన ఊరి కాలువగట్టు కాదిది, నాయనలారా!

ఇక ఆహారము. మొదటి సూత్రము: పట్టబోవు చేపను భోజనపు లెక్కలో చేర్చరాదు. మూడు దినములు గాలము వేసి ఒక్క చేపయు చిక్కక, ఉత్త అన్నములో పచ్చడి కలుపుకొని తినిన బృందములు ఎన్నియో కలవు. ఆ చలిగాలికి ఆకలి రెట్టింపగును. నలుగురికి అయిదు దినములకు ఆరు కిలోల బియ్యము, కిలోన్నర కందిపప్పు, వేపుళ్ళు కలుపుకొని రెండు లీటర్ల నూనె చాలును. మొదటి రాత్రి అలసిపోయి చేరుదురు గనుక పులిహోర కలుపుకొని పోవుట ఉత్తమము. చింతపండు పులుపు దానిని మరునాటి ఉదయము దాకా కాపాడును. కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వులపొడి, ఎండుమిరప, చింతపండు, మెంతిపిండి, జంతికలు, చెక్కలు, ఇవి పొడిసరుకులు గనుక చెడవు, ఐసు కోరవు. కోడికూర వండుకొని పోవలదు: పక్షిజ్వరము కారణముగా కోడిమాంసము, గుడ్లపై నియమములు మాటిమాటికి మారుచుండును. మాంసము, పెరుగు, పాలు, కూరగాయలు కెనడా సూ పట్టణమందలి అంగడులలో కొనుడు. ఆ తరువాత 17వ రహదారిపై వావా వైపు పోవు దారిలో ఒక వైపు సుపీరియర్ సరస్సు, మరియొక వైపు అడవి. కొత్తిమీర దొరకదు, ఫోను పలుకదు. ప్రెషర్‌కుక్కరు రబ్బరును మరువకుడు. ఐసు పెద్ద దిమ్మెగా కొనుడు, ముక్కలు రెండవ దినమునకే నీరగును. చేప పొట్టలను, మిగిలిన అన్నమును కుటీరము చెంత పారవేయకుడు. ఎలుగుబంటి వాసన పట్టి వచ్చును.

వీనితోపాటు బెల్లము, మిరియాలు, ఏలకులు తప్పక ఉంచుకొనుడు. ఉదయముననే పడవ ఎక్కి మధ్యాహ్నమునకు ఒడ్డు చేరినవానికి పానకమును మించిన పానీయము లేదని నా అనుభవము. కొండపైన మా పానకాల నరసింహస్వామి నోట శంఖముతో పానకము పోయునప్పుడు, సగము లోనికి గ్రహించి సగము భక్తునికి విడుచునని చెప్పుకొందురు; బాల్యమున ఆ మిగిలిన సగమునకై దోసిలి పట్టి నిలుచుటయే నాకు కొండ యెక్కుటలోని పరమార్థము. ఆ సరస్సు ఒడ్డున ఇత్తడిచెంబు లేదు, శంఖము లేదు, గొంతు దిగు ఆ మిరియపు ఘాటు మాత్రము అదే. దానిని త్రాగిన పిదప కొంతసేపు ఎవరితోను మాటలాడ బుద్ధి పుట్టదు.

ఇంతవరకు చెప్పినది పోవుట. చేటు పోవుటలో లేదు, వచ్చుటలో ఉన్నది. ఈ మాటను మరల మరల చెప్పెదను, విసుగుకొనకుడు.

కొన్నేండ్ల క్రిందట మూడు కుటుంబములము కలిసి పోయి వచ్చుచుంటిమి. బండి నడుపుచున్నవాడను నేను. చేపలు లెక్క ప్రకారమే ఉన్నవి, పత్రములు సరిగా ఉన్నవి, ఆదివారపు సాయంకాలమున అందరును అలసి నిద్రలో ఉన్నారు. అమెరికా వైపు అధికారి, "పండ్లు, కూరగాయలు, మొక్కలు, మాంసము ఏమైనా ఉన్నవా?" అని అడిగెను. "చేపలు మాత్రమే" అంటిని. అబద్ధమాడవలెనని కాదు, ఐసుపెట్టె అడుగున, తడిగుడ్డలో చుట్టిన కరివేపాకు కట్టయు, వాడగా మిగిలిన నిమ్మకాయలును ఉన్న సంగతి నా తలపునకే రాలేదు. బండిని ప్రక్కకు తీయించిరి. పెట్టెలన్నియు విప్పించిరి. పిల్లలు లేచి చలిలో నిలిచిరి. కరివేపాకు బయటపడినది.

"ఇవి మీ దేశపు అంగడిలో కొన్నవే, వెంట తీసికొనిపోయి వెంట తెచ్చితిమి" అని వాదించితిని. ఒకసారి సరిహద్దు దాటిన ఆకు ఎచ్చటిదో తిరిగి వచ్చునప్పుడు ఎవరు చెప్పగలరని ఆయన ఉత్తరము. దానికి నావద్ద సమాధానము లేదు. 300 డాలర్ల అపరాధరుసుము విధించిరి. అది పోయిన బాధ కొద్ది దినములే. దానివెంట సరిహద్దును త్వరగా దాటుటకై నాకిచ్చిన నెక్సస్ కార్డును కూడ రద్దుచేసిరి. కెనడాలోనున్న అన్నగారి ఇంటికి ఆ కార్డుతోనే పోయి వచ్చుచుండెడివాడను. అటుపిమ్మట పండుగ దినములలో వంతెనపై బండ్ల బారులో కూర్చుండి, వారింట పూజ ముగిసిన తరువాత చేరిన సందర్భములు కలవు. ఒక కట్ట ఆకునకు ఇంత వెల.

ఆ ఆకుపై వారికి పగ యేమని ఆనాడు కోపగించుకొంటిని. పిమ్మట చదివి తెలిసికొంటిని. నిమ్మ, నారింజ జాతి చెట్లను చంపు గ్రీనింగ్ తెగులును వ్యాపింపజేయు సన్నని పురుగు కరివేపచెట్టుపై కూడ కాపురముండును. ఫ్లోరిడాలో ఆ తెగులు 2005లో కనబడినది. 2003-04 ఋతువున 24 కోట్ల పెట్టెలకు పైగా నారింజలు పండించిన ఆ రాష్ట్రము, తుపానుల దెబ్బయు తోడు కాగా, 2022-23 నాటికి సుమారు ఒక కోటి అరువది లక్షల పెట్టెలకు దిగజారినది. తోటలకు తోటలే పాడుపడినవి. మన బత్తాయితోటల రైతులకును ఈ తెగులు క్రొత్త కాదు. ఎండిపోవు చెట్టును చూచి గట్టున కూలబడిన రైతు దుఃఖము ఏ దేశమందైనను ఒక్కటే గదా! ఇది తెలిసిన తరువాత నాకు అధికారిపై కోపము పోయినది. చదువుకొనియు తెలిసికొనని మనవారిపై కోపము మాత్రము మిగిలినది.

మంగళగిరిలో మా పెరటిబావి చెంత కరివేపచెట్టుండెడిది. దానిని ఎవరును కొనలేదు, ఎవరును అమ్మలేదు. పొరుగింటి పిన్నిగారు గోడమీదినుండి చేయి చాచి రెండు రెబ్బలు త్రుంచుకొనుచు, "మీ చెట్టుకు వాసన ఎక్కువే అక్కయ్యా" అని మా అమ్మతో అనుట నా చెవులలో ఇంకను ఉన్నది. అటువంటి ఆకును మూటలో దాచి తెచ్చి, దోషివలె నిలువవలసి వచ్చుట ఎంత మనస్తాపకరము!

గత సంవత్సరము పెదకాకాని కుఱ్ఱవాడొకడు బయలుదేరు ముందు ఫోను చేసినప్పుడు, ఇదంతయు వివరించి చెప్పితిని. "బాబాయిగారూ, ఇంట్లో వంటకే గదండీ, గుప్పెడాకు ఎవరు చూస్తారు!" అని నవ్వినాడు. తిరిగివచ్చిన రాత్రి మరల ఫోను చేసినాడు. ఈమారు నవ్వు లేదు. చూచుటకే వారు అచ్చట కూర్చున్నారు, అబ్బాయీ!

కావున చేయవలసినదిది. వంట సరుకును తిరుగుదారిని తలచి కట్టుడు. పచ్చిది ఏదియు తిరిగి రారాదు: కరివేపాకు, నిమ్మకాయ, నారింజ ఏదియు. కరివేపాకునకు బదులు పొడి, నిమ్మకు బదులు చింతపండు కొనిపొండు. మిగిలిన సోనామసూరి బియ్యమును కూడ తేకుడు: గింజను తొలుచు ఖాప్రా పురుగు భయమున భారతదేశపు బియ్యమును ప్రయాణికుల సామానులో 2011 నుండి అమెరికా నిషేధించినది. చివరి ఉదయమున పెట్టెలన్నియు ఖాళీచేసి, అడుగులు తుడిచి, మిగిలినదానిని కుటీరపు యజమానికి ఇచ్చివేయుడు. ఆ యజమాని పప్పు వండుట నేర్చుకొన్నచో సంతోషము. అధికారి అడిగినప్పుడు ఉన్నదంతయు, ఆవకాయతో సహా, పిల్లవాని జేబులోని ఆపిల్‌తో సహా, నోటితో చెప్పుడు. చెప్పినదానిలో నిషిద్ధమైనది ఉన్నచో తీసికొందురు, అంతే, దండన లేదు. దండన చెప్పనిదానికే. దండన చెప్పనిదానికే, మరల చెప్పుచున్నాను.

చేపల విషయమున భయము లేదు గాని పద్ధతి కలదు. చేప జాతియు, లెక్కయు చూచినంతనే తెలియునట్లు కట్టవలెను: ముక్కపై కొంత చర్మము విడిచి, ఒక్కొక్క చేప ముక్కలను విడివిడిగా సంచులలో పరచి గడ్డకట్టింపుడు. అన్నియు ఒకే ముద్దగా గడ్డకట్టించినచో లెక్క తెలియదు, తగవు వచ్చును. అనుమతిపత్రమును ఇల్లు చేరు వరకు పారవేయకుడు. వాలై మాంసము గట్టిది, ముల్లు తక్కువ. ఉప్పు, పసుపు, కారము పట్టించి వేపుడునకు మిక్కిలి తగినది. నార్దర్న్ పైక్‌లో రెండుగా చీలిన ముళ్ళు దండిగా ఉండును గనుక తెలియనివారు దానిని విడిచిపెట్టుదురు. విడువకుడు, పులుసునకు దానికి సాటి లేదు. చింతపండు చిక్కగా పిసికి, పచ్చిమిరప చీల్చి, మెంతిపొడి వేసి, సన్నని సెగపై ఉడికించి మరునాడు తినుడు. కరివేపాకు ఇంటికి వచ్చిన పిమ్మట ఇచ్చటి అంగడిలో కొనుడు.