ఎడమకన్నదరుట

అమ్మాయీ,

వచ్చు వారమున మొదటిసారిగా ఒక రోగి ముఖమున బొటులినమ్ మందును నా చేతులతోనే వేయబోవుచున్నానని వ్రాసితివి. సంతోషించితిని, కాని నీ లేఖనిండ మోతాదుల లెక్కయే తప్ప ముఖమును గూర్చి యొక్కమాటయు లేదు. అందుచే నే నీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేను ఈ మందు వాడ నేర్చుచున్న దినములలో ఒక గృహిణి నాయొద్దకు వచ్చెను. ఆమె ఎడమకంటి క్రిందిరెప్ప అదర నారంభించినపుడు, స్త్రీలకు ఎడమకన్నదరుట శుభమని మనవారు నమ్ముదురు గావున, కుమార్తె పెండ్లి కుదురునని ఇంటిల్లిపాదియు సంతసించిరట. పెండ్లి కుదిరినది, కాని ముహూర్తము నాటికి ఆ అదురు చెక్కిలికి దిగి, పెదవికొనను లాగుచు, నిద్రలో సైతము విడువకుండుటచే, పీటలమీద కూర్చుండవలసిన తల్లి కొంగు ముఖమున కడ్డము పెట్టుకొనియే కన్యాదానము జరిపించినది. ఆమె ఆ మాట చెప్పుచు నేడ్చినది.

దీనినే మన మిప్పుడు హెమిఫేషియల్ స్పాజమ్ అనుచున్నాము. మెదడుకాండమునుండి ఏడవ నాడి వెలువడు తావున ఒక రక్తనాళము వంపు తిరిగి దాని నొత్తుటయే పెక్కుచోట్ల మూలము. రెండు కన్నులును బిగిసి మూతపడు బ్లెఫరోస్పాజమ్ వేఱు. దాని పుట్టుక మెదడులోనిది. కన్ను బిగిసి మూతపడునపుడు ఆ వైపు కనుబొమ పైకి లేచునా, క్రిందికి దిగునా యని చూడుము: లేచినచో మొదటిది, దిగినచో రెండవది. ఇంత చిన్న గుర్తు ఎంత పెద్ద పొరపాటును తప్పించునో నీకే తెలియగలదు.

ఇక బొటులినమ్ విషము మందైన కథ వినుము. 1820 ప్రాంతమున జర్మనీలోని వుర్టెంబర్గ్ సీమయందు, చెడిన సాసేజులు తిని మరణించినవారిని పరీక్షించి, ఆ విషమును తనమీదనే ప్రయోగించి చూచిన యుస్టినస్ కెర్నర్ అను వైద్యుడును కవియునైన మహనీయుడు, దీనినే స్వల్పమాత్రముగ వాడినచో అదుపుదప్పిన నాడులను శాంతింపజేయవచ్చునని ఊహించెను. అలన్ స్కాట్ శాన్‌ఫ్రాన్సిస్కోలో మెల్లకంటికి దానిని వాడి 1980లో ఫలితములు ప్రకటించువఱకు ఆ ఊహ ఊహగనే యుండెను. 1989లో అమెరికా ప్రభుత్వము మెల్లకంటితోపాటు ఈ రెప్పల వ్యాధులకును అనుమతి నిచ్చినది.

నాడికొన అసిటైల్‌కోలీన్‌ను విడిచిననే గాని కండరము బిగియదు. ఆ విడుదలకు తోడ్పడు స్నాప్-25 అను మాంసకృత్తును ఈ విషము ఖండించును. రక్తనాళపు ఒత్తిడి మాత్రము అట్లే యుండును. కావున మూడు నాలుగు దినములకు అదురు తగ్గి, రెండు వారములకు పూర్తిగ శాంతించి, సుమారు మూడు నెలలకు తిరిగి తలయెత్తును. ఇది ముందే చెప్పనిచో, మూడవ నెలలో రోగి తాను మోసపోయితినని తలచును. నాడికిని నాళమునకును నడుమ మెత్త నుంచు శస్త్రచికిత్స గలదనియు చెప్పవలయును, ఎంపిక వారిది.

ఆ తల్లికి మొదటిసారి నేను పైరెప్ప నడుమకు మిక్కిలి చేరువగా మందు వేసితిని. అది రెప్ప నెత్తు కండరమునకు ప్రాకి, వారము తిరుగకముందే రెప్ప వాలి కన్ను సగము మూతపడినది. కొన్ని వారములకు అది తానే తీరినది గాని, ఆ దినములలో ఆమె నన్నొక్క నిష్ఠురమైనను ఆడకుండుట నే నిప్పటికిని మఱువలేదు. పైరెప్పకు ఇరుకొనలయందే వేయుము, నడుమను విడువుము. పెదవికొన దగ్గఱ ఇంకను జాగ్రత్త. అది వాలినచో రోగి నలుగురిలో మజ్జిగ త్రాగుటకును సిగ్గుపడును. ఒక కంపెనీ మందు యూనిట్లు మఱొకదాని యూనిట్లకు సమానములు గావు. కండరములు నీరసించు మయస్థీనియా వ్యాధి ఉన్నదేమో అడుగక సూది ఎత్తవలదు.

మొదట పది నిమిషములు వట్టిచేతులతో ఆ రోగి యెదుట కూర్చుండి ఇంటి సంగతులు మాట్లాడింపుము. మాటలో, నవ్వులో, మౌనములో ఏ కండరము ముందుగా కదలునో కాగితముపై ముఖము బొమ్మ గీసి గుర్తులు పెట్టుము. రెండు వారములకు వారు తిరిగి వచ్చినపుడు ఆ కాగితమునే ప్రక్కన పెట్టుకొని చూచి, దాని ప్రతి నొకటి నాకు పంపుము.

ఇట్లు,
పెదతాతయ్య