జట్టు నిర్మాణం: రహీం గారి పాఠం

కంప్యూటరులో ఫుట్‌బాల్ జట్టును నడిపే ఆట ఆడేటప్పుడు, సోంపేట విద్యార్థులమైన మేము మొదట గోల్ వీరులనే కొంటాము. డబ్బంతా అక్కడే హరించి, రక్షణపంక్తి బలహీనమై ఓడిపోతాము! కొనుగోళ్లతో నిమిత్తం లేకుండా జట్టును తీర్చిదిద్దినవారు హైదరాబాదు ఉపాధ్యాయులు సయ్యద్ అబ్దుల్ రహీం గారు. వారి శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పును గెలిచింది.

1962 జకార్తా ఆసియా క్రీడలలో రక్షణపంక్తి ఆటగాడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం గారు ఆయనను తొలగించక ముందు వరుసకు మార్చారు. ఫైనలులో దక్షిణ కొరియాపై మన రెండు గోళ్లలో ఒకటి ఆయనదే. 2-1తో స్వర్ణపతకం లభించింది.

తెరమీది అంకెలు ఆటగాని ప్రస్తుత స్థానాన్నే ఎక్కువగా సూచిస్తాయి. అతడు మరెక్కడ రాణించగలడో మేనేజరే పసిగట్టాలి. కళాశాల జట్టు ఎంపికలో కమిటీవారు బెంచీమీది వారినొకసారి స్థానం మార్చి ఆడించి చూడవలసిందిగా మా మనవి.