దరఖాస్తులో మన గురించి మనం చెప్పుకోవడం

 

ర్యాంకు చూసి సీటు ఇచ్చే కాలేజీలే మనకు ఎక్కువగా తెలుసు. కానీ బెంగుళూరులోని అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం ప్రవేశ పరీక్షతో పాటు ఇంటర్వ్యూ కూడా చేస్తుంది. అమెరికాలోని అనేక కాలేజీలు తీసుకునే ‘కామన్ యాప్’ దరఖాస్తులో 650 పదాలకు మించకుండా వ్యాసం రాయాలి. చదువు కాక చేసిన పనులు 10 వరకు చెప్పవచ్చు. ఇక్కడే మన పిల్లలు తడబడతారు. “నా గురించి నేనే చెప్పుకుంటే గొప్పలు పోయినట్టు కాదా?” అని కొందరు వెనకాడతారు. కొందరు వేరొకరి చేత రాయించుకుంటారు.

మొదటి సందేహానికి దివ్యఖుర్‌ఆన్‌లోని యూసుఫ్ సూరా (12:55)లో జవాబు ఉంది. రాజు పిలిపించినప్పుడు యూసుఫ్ (అలైహిస్సలాం) దేశ కోశాగారాల బాధ్యత తనకు అప్పగించమని కోరారు. తాను కాపాడగలనని, ఆ పని తనకు తెలుసని రెండే మాటలు చెప్పారు. ఆ రెండూ అప్పటికే రుజువైనవి. అజీజ్ ఇంట్లో ఆయన నమ్మకం నిలబెట్టారు. చెరసాలలో ఉండే రాజు కలకు అర్థం చెప్పారు. చేసి చూపిన దాన్ని అవసరమైన చోట చెప్పడం గర్వం కాదు.

ఇక ఆచరణకు వద్దాం. “నేను కష్టపడే స్వభావం గలదాన్ని” అని రాస్తే చదివేవారికి ఏమీ తెలియదు. అదే అమ్మాయి ఇలా రాసిందనుకోండి: “అమ్మ మగ్గం వర్క్ చేస్తుంది. ఎనిమిదో తరగతి నుంచి ఆర్డర్లు నేనే రాస్తున్నాను. ఒకసారి కొలత తప్పు రాసి అమ్మ రెండు రాత్రుల కష్టం వృథా చేశాను. అప్పటి నుంచి కొలతలు పైకి చదివి వినిపించాకే పుస్తకం మూస్తాను.” ఇప్పుడు మనిషి కనిపిస్తుంది.

మూడు విషయాలు గుర్తుంచుకోండి.

1. ఇంటి బాధ్యతలు, జీతానికి చేసిన పని కూడా కామన్ యాప్ జాబితాలో చేర్చవచ్చు. నాన్న దుకాణంలో కూర్చున్నా, తమ్ముణ్ణి చూసుకున్నా సిగ్గుపడి దాచకండి. వారానికి ఎన్ని గంటలో నిజం రాయండి.

2. జాలి కోసం పేదరికాన్ని వర్ణించకండి. ఇంటి పరిస్థితికి ఒకటి రెండు వాక్యాలు చాలు. మిగతాదంతా మీరు ఏం చేశారో, ఏం నేర్చుకున్నారో రాయండి.

3. పెద్దలకు చూపించి తప్పులు దిద్దించుకోండి, కానీ వారిచేత రాయించకండి. ఇంటర్వ్యూలో ఆ మాటలకు జవాబు చెప్పాల్సింది మీరే.

దరఖాస్తు కింద పెట్టే సంతకం కూడా ఒక సాక్ష్యమే. సీటు వచ్చినా రాకపోయినా ఆ సాక్ష్యం నిజమై ఉండాలి. అల్లాహ్ మీ కృషిని సఫలం చేయుగాక! ఆమీన్.