శ్రావణాంత వర్షసూచనము – కొల్లేటి సీమ

జ్యోతిశ్శాస్త్రమున సంహితాస్కంధమునకు వృష్టివిచారము ప్రాణము వంటిది. వరాహమిహిరుడు బృహత్సంహితయందు గర్భలక్షణము మొదలు సద్యోవర్షణము వఱకు ఎనిమిది అధ్యాయములను ఈ విషయమునకే కేటాయించెను. పాఠశాలలలో ఈ భాగము పఠితమగుచున్నను, ఒక నిర్దిష్ట భూభాగమునకు దీనిని అన్వయించి పరిశీలించుట అరుదు. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ పల్లమున నున్న కొల్లేరు అట్టి పరిశీలనకు తగిన క్షేత్రము. శ్రావణ భాద్రపదములలో బంగాళాఖాతమున వాయుగుండ మేర్పడిన వారమున ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతములకు వర్షసూచన ఏమి చెప్పగలదు, ఏమి చెప్పజాలదు అనునది ఇచట విచార్యము.

కార్తె – నక్షత్రము

ముందుగా ఒక పదభ్రాంతిని తొలగింపవలెను. ఆంధ్ర కర్షకులు వ్యవహరించు కార్తె సూర్యుడున్న నక్షత్రమును బట్టి ఏర్పడినది. ఒక్కొక్కటి పదుమూడు పదునాలుగు దినములుండును. ఆగస్టు నడుమ మఖ, ఆ మాసాంతమున పుబ్బ, సెప్టెంబరు నడుమ ఉత్తర ప్రవేశించును. ప్రవర్షణాధ్యాయమున చెప్పిన నక్షత్రము మాత్రము చంద్రుడున్నది. జ్యేష్ఠ పూర్ణిమ గడచిన పిమ్మట పూర్వాషాఢ మొదలుగా ఏ చంద్రనక్షత్రమున వాన కురిసెనో దానిని బట్టి వర్షాకాలపు జలపరిమాణమును ఆచార్యుడు నిర్ణయించెను. అందు మఖకు 14 ద్రోణములు, ఫల్గునికి 25 ద్రోణములు చెప్పబడినవి. ఈ సంఖ్యలను మఖ, పుబ్బ కార్తెల వానకు అన్వయించుట శాస్త్రసమ్మతము కాదు. కార్తె కాలవిభాగము, ప్రవర్షణ నక్షత్రము నిమిత్తము. రెండింటి పేరు ఒక్కటియే, విషయము వేఱు.

పరిమాణము – విస్తృతి

వర్షమును కొలుచుటలో ప్రాచీనులు చూపిన శ్రద్ధ గమనింపదగినది. హస్తప్రమాణమైన విశాలతగల కుండమున చేరిన నీటిని తూచి, 50 పలములు ఒక ఆఢకమనియు, నాలుగాఢకములు ఒక ద్రోణమనియు లెక్కించిరి. పాత్రముఖము నియతమగుటచే బరువును చెప్పినను అది నీటి లోతును చెప్పినట్లే యగును. నేటి మిల్లీమీటరు లెక్కకును దీనికిని మూలసూత్ర మొక్కటియే. కౌటిల్యుడు కోష్ఠాగారమున వర్షమానకుండము నుంచవలెనని విధించి, జాంగలదేశమునకు 16 ద్రోణములు, అనూపదేశమునకు అందులో సగ మధికము చెప్పెను. శ్రావణ కార్తిక మాసములలో కలిపి మూడవవంతు, భాద్రపద ఆశ్వయుజములలో రెండు వంతులు కురియుట మంచి వర్షలక్షణమని అతని మతము.

వాన ఎంత మేర కురియును అను ప్రశ్నయు వరాహమిహిరుని దృష్టిని తప్పిపోలేదు. పది యోజనముల మండలమని కొందఱును, పండ్రెండు యోజనములకు మించదని గర్గ వసిష్ఠ పరాశరులును పలికినట్లు అతడు పేర్కొనెను. నేటి భారత వాతావరణ శాఖ ప్రకటనలలోని ‘ఒకటి రెండు చోట్ల’, ‘చాలాచోట్ల’ అను మాటలును ఇట్టి పరిభాషలే. మొదటిది ఆ ప్రాంతమందలి వర్షమాన కేంద్రములలో నాలుగవవంతుకు మించని దానిని సూచించును. ‘భారీ వర్షము’ అనగా 24 గంటలలో 64.5 మిల్లీమీటర్లు మొదలు 115.5 మిల్లీమీటర్ల వఱకు. ఈ పరిభాష నెఱుగక జిల్లాకంతటికిని ఒకే వాన అని గ్రహించువారు పొరపడుదురు.

అనూపదేశమున నీటి గతి

సద్యోవర్షణాధ్యాయమున చీమలు నిష్కారణముగా గ్రుడ్లను మోసికొని పోవుట, చేపలు గట్టుపైకి ఎగురుట, కప్పలు మాటిమాటికి అఱచుట, ఉప్పు వికృతి చెందుట మొదలగు చిహ్నములు చెప్పబడినవి. ఇందు పెక్కింటికి గాలిలోని తేమయే హేతువు. అవి చూచినచోటి వానను మాత్రమే తెలుపును. కొల్లేటి లంక గ్రామములకు ముంపు తెచ్చునది చూచినచోటి వాన యొక్కటియే కాదు. మైలవరపు కొండలనుండి బుడమేరు, ఖమ్మం మెట్టలనుండి తమ్మిలేరు, ఇంకను రామిలేరు మొదలగు ఏరులును మురుగుకాలువలును అందు కలియును. సముద్రమునకు పోవు దారి సుమారు 60 కిలోమీటర్ల ఉప్పుటేరు ఒక్కటియే. కనుక ఆకాశము నిర్మలముగా నున్న దినమునను కొల్లేరు పెరుగవచ్చును.

తాడేపల్లిగూడెము స్థితి వేఱు. అచటి పొలములను ముంచు ఎఱ్ఱకాలువ నందమూరు అక్విడక్టు దాటి యనమదుఱ్ఱు మురుగుకాలువగా సముద్రము చేరును, కొల్లేటిలో కలియదు. ఒకే సూచన విన్న రెండు ఊళ్లవారు వేర్వేఱు ఏరులను చూచుకొనవలసి యున్నది.

2024వ సంవత్సరపు ఉదంతము దీనికి స్పష్టమైన నిదర్శనము. అప్పుడు మఖ ముగిసి పుబ్బ ప్రవేశించినది. ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో విజయవాడ పరిసరములలో అతిభారీ వర్షము కురిసెను. వాయుగుండము తీరము దాటినది దూరముననున్న కళింగపట్నము వద్ద. బుడమేరు గట్లు తెగి విజయవాడలోని పల్లపు ప్రాంతములు మునిగెను. కృష్ణయే పొంగి ప్రకాశం బ్యారేజి వద్ద ప్రవాహము 11 లక్షల క్యూసెక్కులు దాటుటచే బుడమేటి మళ్లింపు కాలువ నదిలోనికి నీటిని వదలలేకపోయెను. ఆ నీరు తరువాతి దినములలో కొల్లేటికి చేరి, వాన వెలిసిన పిదప అచటి గ్రామములను చుట్టుముట్టెను.

తిథి – సముద్రపు పోటు

నాటి అమావాస్య సెప్టెంబరు 2. ఈ తిథి వానకు కారణమని చెప్పుట కాదు. నీరు పోవుటకు తిథితో సంబంధము కలదని చెప్పుట. చంద్రునివలన సముద్రము ఉప్పొంగుట కావ్యములలో ప్రసిద్ధము. అది కవికల్పన మాత్రమే కాదు, ప్రకృతిసత్యము. అమావాస్యా పూర్ణిమలకును, తరువాతి రెండు మూడు దినములకును పోటు అధికమగును. పోటు సమయమున ఉప్పుటేటి ముఖమున సముద్రజలము ఎదురువచ్చి, సరస్సునుండి దిగు నీటిని నెమ్మదింపజేయును. పూడికయు, చేపల చెఱువుల గట్లును నీటి నడకకు అడ్డుపడుట దీనికి తోడు. కొల్లేటి సహజ విస్తృతికి తోడ్పడవలెనని 1999లో +5 అడుగుల కాంటూరు వఱకు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యముగా ప్రకటింపబడెను; 2006లో పెక్కు చెఱువుల గట్లు తొలగింపబడెను.

కావున వానవారమున మూడు విషయములను కలిపి చదువవలెను: ఎగువ కొండలపై వర్షసూచన, సరస్సు నీటిమట్టము, అమావాస్యా పూర్ణిమల సామీప్యము. మొదటిది వాతావరణ శాఖ ఇచ్చును. రెండవది జలవనరుల శాఖ కొలుచును. మూడవది ప్రతి యింటి పంచాంగమున నున్నది. ప్రాచీనశాస్త్రము నేటి సూచనకు ప్రత్యామ్నాయము కాదు. గర్భలక్షణోక్తమైన 195 దినముల గణనతో నేడు పడవలు సిద్ధపఱచుట తగదు. కాని కొలుచుట, విస్తృతి నిర్ణయించుట, దేశభేదమును గుర్తించుట అను మూడు నియమములను ఆ శాస్త్రము బోధించినది. ప్రాచ్య కళాశాలలలో ఈ అధ్యాయములను బోధించునపుడు ఆవరణమున వర్షమాపకము నుంచి, విద్యార్థిచే దినదినము తిథితోను కార్తెతోను కూడ వాన లెక్క వ్రాయించుట మేలు. పది సంవత్సరముల లెక్క చేరినచో ఏ నానుడి నిలుచునో, ఏది తొలగునో తేలును. శాస్త్రమునకు అదియే నిజమైన వ్యాఖ్యానము.